గేటు దగ్గర అనవలసిన మాట

కేసోన్ రాష్ట్రం, మౌబన్ పట్టణం, రేవు వీధిలో కాపురముంటున్న ప్లాసిదో అల్మిరాన్యెస్ అనే నేను, వయస్సు డెబ్బై నాలుగు, ఏ బడిలోనూ వేదాంతం చదవకుండా లేఖనాలనే గురువుగా పెట్టుకుని ముప్పై తొమ్మిదేళ్లు బోధించినవాణ్ణి, కన్నూ చెవీ మనసూ సరిగ్గా పనిచేస్తుండగా, ఎవరూ బెదిరించకుండా, ఎవరూ బుజ్జగించకుండా, నా చేత్తో రాసి పెడుతున్న చివరి మాట ఇది. ఇంతకు ముందు రాసిన కాగితాలేవైనా బయటపడితే అవి చెల్లవు. దీన్ని అమలు జరపవలసింది నా ఒక్కగానొక్క కూతురు లునింగ్నింగ్. నింగ్, చివరిదాకా చదివాకే గేటు దగ్గరికి వెళ్లమ్మా.

1. ఇల్లూ, దాని కింది నేలా, పెరట్లోని రెండు కొబ్బరిచెట్లూ నింగ్‌కు సర్వహక్కులతో. వంటింటి మూల కారుతుంది, రేకు మార్పించుకో. మీ అమ్మ తియోదులా వాడిన కుట్టుమిషను కూడా నీదే. దాని సూది విరగ్గొట్టింది నేను. పదేళ్లు ఆ నింద నీ మీద ఉండనిచ్చాను.

2. చేతి మైకు పొరుగింటి క్రిస్పులోకు చెందాలి. నా బోధ గోల భరించలేనని మూడుసార్లు ఊరి పెద్ద దగ్గర ఫిర్యాదు చేసిన మనిషి. “ఏం ప్లాసిదో, నీ దేవుడికి చెవుడా?” అని వీధి వీధంతా వినేలా అడిగాడు. క్షమించాను. పూర్తిగా కాదు. బ్యాటరీలు తీసి ఇవ్వాలి. ఆ మైకులో నేను అన్న ఒక మాట గురించి కింద రాస్తాను.

3. రేవులో నా బల్లా, దాని మీద అమ్మిన చిన్న పుస్తకం మీది హక్కులూ నింగ్‌వే. దీవికి పడవెక్కే పరదేశుల కోసం దాన్ని నేనే రాశాను. మొదటి సగం మాటలు. మగ్కానో పో అంటే ఎంతండీ, సలామత్ పో అంటే కృతజ్ఞతలండీ, మీ పేరేమిటండీ, ఇక్కడ ఆపండీ, ఇలాంటివి. రెండో సగం నోట్లు. ఇరవై నారింజ, యాభై ఎరుపు, వంద ఊదా, రెండొందలు ఆకుపచ్చ, అయిదొందలు పసుపు, వెయ్యి నీలం. కొత్త వెయ్యి ప్లాస్టిక్‌ది, వానకు నానదు. దాని మీది ముగ్గురు మనుషులూ పోయి గద్ద వచ్చిందని చేర్చు. “ముందు చిన్న నోటు చూపండి, అవతలివాళ్లు కదలకపోతే దాని పైది చూపండి” అని రాశాను. ఆ వాక్యం కొట్టెయ్యాలి.

4. మొదటి పేజీలో, అన్నిటికన్నా పైన, తావో పో అన్న మాట అచ్చువెయ్యాలి. మన ఊళ్లో ఎవరి గేటు ముందు నిలబడినా మొదట అనేది అదే: మనిషినండీ. అది వినకుండా ఎవరూ గడియ తియ్యరు. మనిషి కానిది ఆ మాట అనలేదని మా అమ్మ చెప్పేది. నేను దాన్ని తెలిసే వదిలేశాను. ఇక్కణ్ణుంచి రాసేది బోధ కాదు, ఒప్పుకోలు.

2006 డిసెంబరులో తుఫాను హెచ్చరిక వచ్చి పడవలు కట్టేసిన పొద్దున, ఒక పరదేశి రేవులో చిక్కుకుపోయాడు. యాభై ఏళ్లుంటాయి, పొడగరి, కళ్లజోడు. నా పుస్తకం కొని, పక్కనే కూర్చుని, నేను పలికినట్టే పలకమంటే పలికాడు. కొబ్బరిపాలలో ఉడికించిన బియ్యాన్ని ఆకులో చుట్టి, సుమన్ అనే పొట్లాలు అమ్మే సేపా అక్క దగ్గరికెళ్లి ఎంతండీ అన్నాడు. ఆమె రెట్టింపు చెప్పింది. పేజీ తిప్పి చూసుకుని మళ్లీ ఎంతండీ అన్నాడు. అక్క నవ్వి అసలు ధరకిచ్చి, ఇంకొకటి ఊరికే చేతిలో పెట్టి, నా వైపు తిరిగింది.

“ఏం బోధకుడా, బేరం నేర్పావు, పలకరింపు నేర్పావు. గేటు ముందు పిలవడం నేర్పలేదేం? తావో పో ఏదీ?”

“దేవుడు తన పోలికలో చేసినవాడు నేను మనిషినని ఇంటింటికీ చెప్పుకు తిరగాలా అక్కా? అది దయ్యాలకు జడిసేవాళ్ల మాట. నా పుస్తకంలోకి రానివ్వను.”

“సరేలే, గాలివానలో నీ గేటు ఎవరైనా కొడితే చూద్దాం నీ ధైర్యం,” అంది.

మధ్యాహ్నం మూడింటికి సముద్రం వీధిలోకి వచ్చింది. నువ్వూ మీ అమ్మా బళ్లో తలదాచుకున్నారు, నేను ఇంటికి కాపలా ఉన్నాను. రేకు గేటు మూడుసార్లు మోగింది. ఎవరూ ఏమీ అనలేదు. తరవాత గాలిలోంచి ఒక గొంతు: ఎంతండీ. నేను పొద్దున సాగదీసిన చోటే సాగదీసింది, నేను ఆగిన చోటే ఆగింది. నా గొంతుతోనే ఎవరో నన్ను వెక్కిరిస్తున్నారనుకున్నాను. అప్పుడు గేటు సందులోంచి నారింజ నోటు లోపలికి వచ్చింది. ఎంతండీ. ఎర్రది. ఎంతండీ. ఊదాది, ఆకుపచ్చది, పసుపుది, చివరికి నీలం. నా పుస్తకంలో ఉన్న వరసలోనే.

లోకరాజ్యాలన్నీ చూపించి ఇవన్నీ నీకిస్తానన్నవాడు అరణ్యంలో ప్రభువు దగ్గరికి వచ్చాడు, ఇప్పుడు నా దగ్గరికి వచ్చాడనుకున్నాను. అంత గొప్పవాణ్ణనుకున్నాను. సాతానా, నా గుమ్మం వదిలిపో అని మైకులో అరిచాను. ఆ మాట నా పుస్తకంలో లేదు, ఆ పరదేశికి అర్థమై ఉండదు. బయట కాసేపు గాలి తప్ప ఏమీ లేదు. తరవాత, సలామత్ పో అని వినబడింది.

మర్నాడు గేటు కింది బురదలో కళ్లజోడు దొరికింది. మనిషి దొరకలేదు. పోలీసులు అడిగితే చూడలేదన్నాను. చూడని మాట నిజమే.

5. ఆ ఆరు నోట్లు నా వేదగ్రంథంలో, పరదేశినై యుంటిని, నన్ను చేర్చుకొంటిరి అన్న పుటలో ఉన్నాయి. పదిహేడేళ్లుగా తడి ఆరలేదు. ఎండలో పెట్టాను, పొయ్యి మీద పెట్టాను. చుట్టూ ఉన్న పుటలు ఉప్పుతో పెళుసెక్కాయి. ఆ పాత నోట్లు ఇప్పుడు బ్యాంకులో చెల్లవు. అవి నీవి కావు, నావీ కావు. ఎవరికివ్వాలో కింద రాశాను.

6. వాన కురిసే రోజు మూడింటికి గేటు మోగుతుంది. నీ చిన్నప్పుడు అది గాలి అని చెప్పాను. తరవాత ఎంతండీ అని ఆరుసార్లు వినబడుతుంది, చివర్న సలామత్ పో. ఎన్నోసార్లు తలుపు దాకా వెళ్లాను. తావో పో అను నాయనా, ఒక్కసారి అను, తీస్తాను అని ఏడ్చి మరీ నేర్పాను. ఆ ఒక్కటి మాత్రం తిరిగి అనడు. సేపా అక్కను ఒక వాన రోజు పిలిచి వినిపించాను. ఆమె గేటు వంకే చూస్తూ అంది.

“అనడు ప్లాసిదో. ఆ రోజు నేర్పి ఉంటే అనేవాడే. ఇప్పుడంటే అబద్ధమవుతుంది. అబద్ధమాడే రకం కాదాయన.”

7. కనుక నా శవం ముందు గదిలో ఉన్నన్ని రోజులూ గేటుకు గడియ వెయ్యకూడదు. వాన వచ్చి గేటు మోగితే, నింగ్, ఎవరని అడక్కుండా, ఏ మాటా అనమనకుండా తియ్యి. నోట్లు చేతికిచ్చెయ్యి. ఎవరూ కనబడకపోయినా గడప మీద పెట్టు. పొడిగుడ్డ ఇవ్వు, వేడి గంజి పొయ్యి. తరవాత నా శవపెట్టె పక్కన కుర్చీ వెయ్యి. తలుపు దగ్గర నిలబడి తడుతున్నానన్న ప్రభువు కూడా తన పేరు చెప్పలేదు. ముప్పై తొమ్మిదేళ్లు బోధించి ఇది ఇప్పుడు చదివాను. భయపడకు. అప్పటికి తావో పో అనడం నాకూ చేతకాదు.

ఇందుకు సమ్మతించి, ఈ 2023 నవంబరు పద్నాలుగో తేదీ మంగళవారం, మధ్యాహ్నం మూడు గంటలకు, వానలో చేవ్రాలు చేశాను.

ప్లాసిదో అల్మిరాన్యెస్

సాక్షులు:
జోసెఫా “సేపా” విల్యమాయోర్, వేలిముద్ర.
క్రిస్పులో పొర్నోబి, మైకు సంగతి చదవకుండా సంతకం పెట్టాడు.
మూడవ సాక్షి గేటు బయట ఉన్నాడు. పేరు నేను అడగలేదు.