పద్మ అడిగిన అరికె విత్తనం

మంగళవారం

మా అమ్మాయి పద్మ రాసిన అరికెల పరిశోధన ప్లానును యూనివర్సిటీవాళ్లు ఒప్పుకున్నారు, ఒప్పుకున్నారు! మూడేళ్లు తిప్పించుకుని ఇవాళ ఒప్పుకున్నారు నా బంగారు తల్లిది.

"నాయనా, మనూరి పాత విత్తనంతోనే మొదలుపెట్టల్ల. బూడిద కలిపి కుండలో పెట్టింటివే, ఉండాదా?" అని ఫోనులో అడిగింది.

"శానా ఉండాది తల్లీ" అనేశాను.

అటకెక్కి కుండ దింపేసరికి మోకాళ్లు పోయాయి. లోపల బూడిదే మిగిలింది.

"షుగరుకు మంచిదని అరికెన్నం అడిగితివి గదా. యాడనుంచి వచ్చిందనుకుంటివి?" అంది మా ఆవిడ.

ఊళ్లో ఇప్పుడు ఎవరూ అరికె వేయడం లేదు. ఒళ్లు అలసిపోయింది, సంతోషం మాత్రం నిద్రపోనివ్వడం లేదు.

రేపు శుభవార్త చెప్పి, ఒకప్పుడు మా కుండలోంచి తీసుకెళ్లిన విత్తనం మిగిలిందా అని అడగాల్సినవాళ్లు: బద్వేలు చెల్లెలు, రాజంపేట బావ, బేతంచెర్ల తమ్ముడి అత్తగారు.

ఆ తర్వాత పద్మకు, నిజం.