ఏడో ఏటి కరురు

సెప్టెంబర్ 20

ఈ ఏటితో మొక్కు తీరుతుంది. మూడేళ్ళప్పుడు జ్వరం వచ్చి మనవరాలు జుసారాకి కాళ్ళు పడిపోయాయి. కవల దేవుళ్ళు కోస్మే, దమియాన్‌లకు మొక్కుకున్నాను. పిల్ల నడిస్తే ఏడేళ్ళు వాళ్ళ పండక్కి బెండకాయలు, ఎండు రొయ్యలతో కరురు వండి, ముందుగా ఏడుగురు పిల్లలకు పెడతానని. నడిచింది. ఇప్పుడు గోడలు కూడా ఎక్కుతోంది.

సెప్టెంబర్ 22

తమ్ముడు క్లౌడియోనోర్ వచ్చాడు. ఎన్నికల్లో నిలబడ్డ డాక్టర్ అద్రోఆల్డో వెనక తిరుగుతున్నాడు. అక్కా, పండగనాడు డాక్టరు గారు మనింట్లోనే భోంచేస్తారు, నీ దశ తిరిగిపోతుంది అన్నాడు. నా దశ సంగతి నీకెందుకురా, రమ్మను, కానీ పిల్లలు తిని లేచాకే ఎవరికైనా అన్నాను. ఆ మాత్రం తెలీదా, నేనేమైనా ఈ పండగ ఎరగని సావో పావ్‌లోలో పుట్టానా అన్నాడు.

సెప్టెంబర్ 25

తమ్ముడు గోడకి ఫ్లెక్సీ కట్టి పోయాడు. దేవుళ్ళిద్దరూ ఓ మూల. మిగతాదంతా డాక్టరు పళ్ళే. చింపేశాను.

సెప్టెంబర్ 26

వెయ్యి బెండకాయలు తరిగాం. పక్కింటి ఇరాసెమా, వదినా, నీ తమ్ముణ్ణి కూడా ఇలా తెచ్చి పడెయ్యి, సన్నగా తరుగుతా అంది. రొయ్యలు, వేరుశెనగలు, జీడిపప్పు నూరి ఉంచాను. జిగురుకి పెన్ను వేళ్ళకి అంటుకుంటోంది.

సెప్టెంబర్ 27, సాయంత్రం

ఇదంతా రాస్తున్నాను. కోపంతోనే.

కరురు బ్రహ్మాండంగా కుదిరింది. పైన డెండే నూనె ఎర్రగా తేలింది. దేవుళ్ళ ముందు కాస్త పెట్టాను. నేల మీద చాప పరిచి, ఏడుగురికీ చేతులు కడగడానికి పెరట్లోకి తీసుకెళ్ళాను. వాళ్ళందరూ ఒకే బేసిన్లోంచి చేత్తో తినాలి కదా.

తిరిగొచ్చేసరికి వాకిట్లో కెమెరాలు. డాక్టరు మూతి నిండా డెండే నూనె. ప్లేటు సగం ఖాళీ. ఒంటిగంటకి ఆయనకి వేరే మీటింగ్ ఉందట. నా సొంత తమ్ముడు, నా వంటింట్లో దూరి, నా గరిటెతో వడ్డించాడు.

ప్లేటు ఆయన చేతిలోంచి లాక్కున్నాను. ఇది బాగానే వీడియో తీసుకున్నారు. క్లౌడియోనోర్ పళ్ళికిలించి, నాలుగు ముద్దలే కదక్కా, పిల్లలకేం తక్కువైంది, కుండ నిండా ఉందిగా అన్నాడు. పండగంటే నోట్లోకి పోయేది ఒక్కటే అనుకుంటాడు వాడు. నా గడప మళ్ళీ తొక్కొద్దన్నాను. నిజంగానే అన్నాను.

పిల్లలకి పెట్టాను. ఆరుగురు తిన్నారు. జుసారా బేసిన్ ముందు కూర్చుని చెయ్యి ముంచలేదు. నానమ్మా, ఆయన ముందు తినేశాడు కదా, నా కాళ్ళు మళ్ళీ ఆగిపోతాయా అని అడిగింది. అందరూ విన్నారు. వాకిట్లోంచి ఇంకా కదలని క్లౌడియోనోర్ కూడా విన్నాడు.

ఆగవే పిచ్చిదానా, నేనున్నానుగా అన్నాను. అప్పుడు తింది. కానీ తింటున్నంతసేపూ బొటనవేళ్ళు కదిపి చూసుకుంటూనే ఉంది.

సెప్టెంబర్ 28

దేవుళ్ళతో మాట్లాడాను. మొక్కు మళ్ళీ ఒకటో ఏటి నుంచి ఏడేళ్ళు.

నాకు డెబ్బై నాలుగు. ఈ వెధవ నాకు చచ్చే తీరిక కూడా లేకుండా చేశాడు.