పాప ఏడుపు

నాయనా, ఉలి దెబ్బల మోతకు నీ చెవులు పోయాక ఫోన్ పనికిరాదు కాబట్టి నంద్యాల ఆసుపత్రి నుంచి ఈ కార్డు. నేనూ పాపా బాగున్నాం.

నెలలు నిండకుండా పుట్టింది కదా, పాప ఇంకా వెంటిలేటర్ మీదే ఉంది. దాని ఊపిరి తెరమీద గీతలా కనిపిస్తుంది. నిన్న ఆ గీత ఒక్కసారిగా ఎగిరెగిరి పడింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. నర్సు ఎస్తేరక్క వచ్చి చూసి నవ్వింది.

"బయపడాకు తల్లీ, నీ బిడ్డ ఏడుస్తాంది. గొంతులో గొట్టం ఉంది గదా, సద్దు రాదు. తానే ఊపిరి లాగుతాంది, మంచిదే!"

ఊపిరితిత్తులు బలం పుంజుకున్నాయని, వచ్చే వారం గొట్టం తీస్తామని డాక్టరమ్మ కూడా చెప్పింది.

అమ్మ మాత్రలు వేసుకుంటోందా? నీ పాత పంచె ఒకటి వేడినీళ్లలో ఉడికించి, ఆరేసి తీసుకురా, పాపకు చుట్టాలి. చెక్కుతున్న నంది విగ్రహాన్ని తమ్ముడికి అప్పగించు, రాయి ఎక్కడికీ పోదు.

"చెవులు లేనోన్ని, ఆడికొచ్చి ఏం జేసేది?" అన్నావట, అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఇక్కడ ఆ ఏడుపు ఎవరికీ వినపడదు నాయనా, కళ్లతో చూడాల్సిందే. గొట్టం తీసేలోపు ఆళ్లగడ్డలో బస్సెక్కి వచ్చి, నీ మనవరాలి ఏడుపు చూడు.

అమ్మకూ నీకూ దండాలతో,
నీ బిడ్డ హేమలత