రోడ్డు మీద ధాన్యం

భవానీపురం,
సోమవారం.

అమ్మకు వందనాలు. మోచెయ్యి గీరుకుపోవడం తప్ప క్షేమమే. ఫోనులో చెప్పడానికి సిగ్గేసి కార్డు రాస్తున్నాను.

శనివారం అవనిగడ్డ వైపు వెళ్లాను. ఎక్కడైనా ఇట్టే ఆగుతుందని నీకు గొప్పలు చెప్పిన ఆ స్పోర్ట్స్ టూరింగ్ బైకు, రోడ్డు మీద ఆరబోసిన ధాన్యంలో జారి పడింది. కాపలా ఉన్న ముసలావిడ మీద, "రోడ్డుంది బళ్లు తిరగడానికా, మీ ధాన్యం పోసుకోడానికా?" అని అరిచాను. ఆవిడ నాతోపాటు అంత బరువు బండినీ లేపింది. నా మోచెయ్యి కడిగింది. చైనులో ఇరుక్కున్న గింజలు గ్రీజుతో సహా ఏరి కొంగున వేసుకుంది.

"మీదీ వ్యవసాయమేనా బాబూ?" అంది.

"కాదండీ" అన్నాను.

మన ధాన్యం రోడ్డు మీద నుంచి ఎత్తేశారా? ఇంకా ఉంటే, కాస్త ముందుగానే కర్రకు ఎర్రగుడ్డ కట్టమని నాన్నతో చెప్పు. నడుం నొప్పితో నువ్వు ఎండలో కాపలా కూర్చోకు. చెల్లిని అడిగానని చెప్పు.

రోజూ నా ప్రయాణాల కోసం ప్రార్థన చేస్తావు కదా. ఈ వారం ఆ "కాదండీ" కోసం చెయ్యి.

నీ కొడుకు,
జాన్ పాల్