మెరకకు సప్లిమెంటరీ

రాజమండ్రి

ప్రియమైన జ్ఞానమ్మ అత్తయ్యకు,

షైనీ వందనాలు. ఇక్కడ నేనూ నా పుస్తకాలూ క్షేమం. మీ ఇంటి ఫోను యేసురత్నం మావయ్య జేబులో ఉంటుంది కనుక ఉత్తరం రాస్తున్నాను. ఈ సంగతి ముందు నీకు తెలియాలి.

నీ పేరున ఉన్న మెరక పొలాన్ని రొయ్యల చెరువుకి లీజుకిమ్మని ప్రభాకరరావు గారు అడుగుతున్నారనీ, నువ్వు వద్దంటున్నా మావయ్య సరేనంటున్నారనీ నాన్న చెప్పాడు. పంటకు పనికిరాని నేలైతేనే చెరువు తవ్వనిస్తామని మండలం వాళ్ళు మెలిక పెట్టారు. ఆ నేల ఎలాంటిదో చూసి చెప్పమని మా వ్యవసాయ కాలేజీకే రాశారు. మా మేడమ్ హేమ గారు ఆ పని నాకు అప్పగించారు. "అది మా అత్తయ్య పొలమేనండీ" అని ముందే చెప్పేశాను. "అయితే లెక్కలన్నీ నేనూ చూస్తాను. నువ్వు మాత్రం నిజమే రాయి" అన్నారు.

తాతయ్య జీవితమంతా ఇంకొకళ్ళ చేలు దున్ని, చివరికి తన పేరున సంపాదించిన ఒకే ఒక్క నేల అది. కాలవ నీళ్ళు అక్కడిదాకా రావు. వాన మీదే ఆధారపడి అక్కడ పంట పండుతుందా లేదా అన్నదే మేము తేల్చాలి. పండుతుందంటే నేల మిగులుతుంది. లేదంటే ఉప్పునీళ్ళ కింద మునుగుతుంది.

పొలంలో నాలుగైదు చోట్ల జానెడు లోతున మట్టి తీసి, అంతా కలిపి, అరకిలో మట్టి గుడ్డసంచిలో కట్టి బస్సులో పంపు.

ఇట్లు, నీ మేనకోడలు
షైనీ

తా.క. ఆకులూ వేళ్ళూ లేకుండా చూడు. అధికారుల ముందుకి వెళ్ళే మట్టి.


ఓడలరేవు

చిరంజీవి షైనీకి,

మీ అత్తయ్య దీవెనలు. సండేస్కూల్లో నేర్చుకున్న అక్షరాలు, కూడబలుక్కుని చదువుకో.

మట్టి పంపుతున్నాను. అధికారుల ముందుకి వెళ్ళేదాన్ని ఎలా పడితే అలా పంపుతామా? పెళ్ళిచూపులకి పిల్లని మొహం కడక్కుండా కూర్చోబెడతామా? మూడు బిందెల మంచినీళ్ళు పోసి కడిగేను. ఉప్పు పోయిందో లేదో నాలిక మీద వేసుకుని చూసేను. మీ మావయ్య తెల్లపంచె మీద ఆరబోసి, పిండి జల్లెడ పట్టేను. రంగు కొంచెం తక్కువనిపించింది. పెంటకుప్ప అడుగు నుంచి దోసెడు నల్లమట్టి కలిపితే కళ వచ్చింది. పక్కింటి అప్పాయమ్మ వదిన చూసి, "ఇది మట్టా, రాగిపిండా జ్ఞానమ్మా?" అని అడిగింది. దిష్టి తగుల్తుందని సంచి మూతి బిగించేశాను.

మీ అత్తయ్య
జ్ఞానమ్మ

తా.క. పౌడరు కూడా అద్దుదునే. మీ మావయ్య డబ్బా దాచేసేడు.


రాజమండ్రి

అత్తయ్యకు,

షైనీ వందనాలు. సంచి విప్పగానే మేడమ్ ముచ్చటపడ్డారు. పరీక్ష చేస్తే ఉప్పన్నదే లేదు. సముద్రం పక్క పొలంలో ఉప్పు లేకపోవడమేమిటని ఆవిడ నన్నొక చూపు చూశారు. అప్పుడే నీ ఉత్తరం అందింది. చదివి వినిపించాను. మేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకుని చాలాసేపు కిటికీ వైపు తిరిగి ఉన్నారు. భుజాలు మాత్రం కదులుతున్నాయి.

అత్తయ్యా, మట్టికి ముస్తాబు చేయకూడదు. జ్వరం చూపించుకోవలసిన మనిషి చన్నీళ్ళు పోసుకుని, మొహానికి పసుపు రాసుకుని వెళ్తే డాక్టరుకి ఏం తెలుస్తుంది? మన నేలలో లోపముంటే ఉండనీ. ఉన్నది ఉన్నట్టు చూస్తేనే దానికి తగిన పంట చెప్పగలం. ఈసారి తవ్వింది తవ్వినట్టే పంపు.

ఇట్లు,
షైనీ

తా.క. ఇంకెప్పుడూ నాలిక మీద వేసుకోకు. పెంటకుప్ప మట్టి కలిపాక అసలే వద్దు.


ఓడలరేవు

షైనీకి,

దీవెనలు. నా ఉత్తరం అందరికీ చదివి వినిపించేవన్నమాట. మంచిదే, నా చేతిరాత కాలేజీకి వెళ్ళింది.

ఈసారి కడగలేదు, జల్లించలేదు, కనీసం పలకరించలేదు. తవ్వి, మూటకట్టి, అరుగు మీద పెట్టి చర్చికి వెళ్ళేను. వచ్చేసరికి మీ మావయ్యే ఆ మూట బస్సులో వేసి వచ్చేడు! చేతికందిస్తే గాని మంచినీళ్ళు తాగని మనిషి. పాస్టరు గారికి చెబితే, ప్రార్థనలు ఊరికే పోవమ్మా అన్నారు.

మీ అత్తయ్య
జ్ఞానమ్మ

తా.క. ఎంత ఉప్పుంటే నేల తప్పుతుందో కనుక్కోమన్నాడు మీ మావయ్య. ఈ వయసులో ఆయనకి చదువు మీద ఆసక్తి పుట్టింది.


రాజమండ్రి

అత్తయ్యకు,

ఈ ఉత్తరం రాయడానికి చేయి రావడం లేదు. రెండో సంచి మట్టిలో ఉప్పు విపరీతంగా ఉంది. అందులో ఉలవ కాదు కదా, గడ్డి కూడా మొలవదు. మట్టికి ఎండుచేపల వాసన వస్తోంది. సముద్రపు గాలికి అలా అవుతుందేమోనని నా పుస్తకాలన్నీ వెతికాను. ఎక్కడా రాయలేదు.

మేము నేలని నాలుగు తరగతులుగా చెబుతాం: బాగా అనువు, ఓ మోస్తరు అనువు, అంతంతమాత్రం, అనువు కాదు. ఈ మట్టిని బట్టి మన మెరక ఆఖరి తరగతి. నాకు ఎంత బాధగా ఉన్నా, నిజమే రాయాలి కదా.

ఇట్లు,
షైనీ

తా.క. మేడమ్ ఈ సంచి విప్పినప్పటి నుంచి మా ల్యాబు గుమ్మంలో పిల్లి కూర్చుని ఉంటోంది.


ఓడలరేవు

షైనీకి,

మన మెరక తప్పిందా? నువ్వే తప్పించేవా? ఈ సంగతి చర్చిలో చెప్పేను, చేపల సంతలో చెప్పేను, అమలాపురం బస్సులో ముక్కూమొహం తెలియని వాళ్ళకీ చెప్పేను. మా మేనకోడలు మా నేలని ఫెయిల్ చేసిందండీ అని.

నువ్వు ఇంటర్లో ఫిజిక్సు తప్పినప్పుడు మేమేం చేసేం? చదువుకి పనికిరాదని నీ నెత్తిన చేపల బుట్ట పెట్టేమా? సప్లిమెంటరీకి ఫీజు కట్టేం. మా ఇంటా వంటా కాలేజీ గుమ్మం తొక్కిన దానివి నువ్వొక్కదానివే. ఆ గుమ్మం రెండోసారి తీయిస్తేనే కదా తొక్కేవు! మన మెరకకీ సప్లిమెంటరీ పెట్టు. సంచులు చూసి మార్కులెయ్యడమేంటి? వచ్చి మనిషిని చూసినట్టు చూడు.

అత్తయ్య

తా.క. ఈసారి పరీక్ష హాల్లో నేనే కాపలా. మీ మేడమ్ గారు కూర తింటారో చేపలు తింటారో రాయి.


రాజమండ్రి

అత్తయ్యకు,

షైనీ వందనాలు. మేడమ్ గారూ నేనూ మీ ఊరి నుంచి క్షేమంగా చేరాం. పులస లేకపోయినా నీ చేపల పులుసుకి ఆవిడ బాగా అనువు తరగతి ఇచ్చారు.

ఒకే పొలం ఒక సంచిలో తియ్యగానూ, ఇంకో సంచిలో సముద్రంలానూ ఉండదని మేడమ్‌కి ముందే అనుమానం. అందుకే నడుము లోతు గొయ్యి తవ్వించారు. మేము తవ్వుతున్నంతసేపూ మావయ్య గట్టు మీద నిలబడి ఎందుకో ఒకటే దగ్గారు. పైన ఇసుక, దాని కింద ఏనాటిదో గోదావరి ఒండ్రు. చేత్తో పట్టుకుంటే ముద్ద అయ్యేంత తడి. వాన నీరు ఇసుకలోంచి దిగి ఆ ఒండ్రులో నిలబడుతోంది. ఉప్పు ఉంది గాని కొంచెమే, అదీ వానకి కిందికి దిగిపోయేదే.

ఫలితం రాస్తున్నాను, కూర్చుని చదువు. వరికి అనువు కాదు. మినుముకి అంతంతమాత్రం. ఉలవకీ చిలగడదుంపకీ బాగా అనువు! మేడమ్ లెక్కలన్నీ మళ్ళీ చేసి సంతకం పెట్టారు. శుక్రవారం మీ ఊరి సచివాలయంలో విచారణ. ఆ రోజు నాకు పరీక్ష, రాలేను. ఏం జరిగిందో వెంటనే రాయి.

ఇట్లు,
షైనీ

తా.క. రెండో సంచి సంగతి మాత్రం ఇంకా తేలలేదు. తెలియదనే రాశాను.


ఓడలరేవు

మా బంగారు షైనీకి,

దీవెనలు.

సచివాలయం నిండిపోయింది. మండలం అధికారి నీ కాగితం చదివేరు. ప్రభాకరరావు గారు లేచి, "అయ్యా, ముందు ఆ పిల్లే ఈ నేల అనువు కాదంది. జ్ఞానమ్మ గారే ఊరంతా చెప్పేరండి. ఇప్పుడు అనువంటోంది. ఏది నమ్మాలండీ?" అన్నారు. నా నోరు నాకే శత్రువైంది. అధికారి కలం మూసేసి, "రెండు మాటలున్నాయి కనక..." అని నసిగేరు. మా నాన్న చెమట అంతా రొయ్యల పాలయ్యిందనుకున్నాను.

అక్కడితో ఊరుకుంటే ప్రభాకరరావు గారు గెలిచేవారు. ఊరుకోలేదు. నవ్వుతూ, "ఎందుకండీ పనికిమాలిన నేల కోసం ఇంత రభస?" అన్నారు.

మీ మావయ్య లేచేడు. ఆయన ఆ ప్రభాకరరావు గారి పక్కనే, ఆయన వేయించిన కుర్చీలోనే కూర్చున్నాడు మరి!

"ప్రభాకరరావు గారండీ, పనికిమాలిందని నేనంటానండి. పెళ్ళైన కాడినుంచీ దాని మీద నడుం విరగ్గొట్టుకున్నాను కనక రోజూ తిడతానండి. తమరెవరండీ అనడానికి?" అన్నాడు.

"అదేంటి యేసురత్నం, నువ్వే కదా..."

"ఆయ్, నేనేనండి! ఆ రెండో మూటలో ఉప్పు నేలది కాదండి. ఎండుచేపల జాడీలోంచి నేనే రెండు గుప్పెళ్ళు కలిపేనండి. మా మావగారు పగోళ్ళ చేలో కూడా అలాంటి పని చెయ్యలేదండి. రాసుకోండి అధికారి గారూ, కావాలంటే వేలిముద్ర కూడా వేస్తాను!"

అప్పాయమ్మ వదిన చప్పట్లు మొదలెట్టింది. అధికారి నవ్వాపుకోలేక కలం కింద పడేసేరు. తీసుకుని రాసేరు: చెరువుకి అనుమతి లేదు.

బయటికొచ్చేక మీ మావయ్యని అనడానికి చాలా ఉండి, ఏది ముందో తేలలేదు. ఆయనే, "చిలగడ తీగలు ఎక్కడ దొరుకుతాయే?" అన్నాడు.

నాన్న నేల నిలబడింది షైనీ. నీ సంతకం, మీ మేడమ్ గారి సంతకం పక్కపక్కన ఉన్న ఆ కాగితం మీద మన ఇంటిపేరు ఉంది. సచివాలయంలో గట్టిగా చదివేరు. మన ఇంటిపేరు అలా చదవగా నేను వినడం ఇదే మొదటిసారి.

మీ అత్తయ్య
జ్ఞానమ్మ

తా.క. తీగలు నాటేం. ఈవేళ పొద్దున్న ప్రభాకరరావు గారు చూడ్డానికొస్తే మీ మావయ్య గట్టు మీద అడ్డం నిలబడి, ఎంతో మర్యాదగా, ఆయన చేత చెప్పులు విప్పించేడు.