చవితికి దాచిన బాంబులు

నాన్నా,

నువ్వు లేని మొదటి దీపావళిని నీ ముద్దుల కుక్క కాలూ బాగానే దాటింది. నువ్వు చేసినట్టే దాన్ని లోపలి గదిలో ఉంచి, కిటికీలు మూసి, బయటి చప్పుడు వినపడకుండా పాత కూలర్ వేశాను. తమ్ముడు దాని తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. దీపావళికి బాంబులు కాల్చనని నీ మంచం దగ్గర ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాడని మురిసిపోయాను. ఎదురింటి హిందీ ఆంటీ కూడా కాలూ కోసం పిల్లల్ని దూరంగా మైదానానికి తీసుకెళ్ళి కాల్పించింది.

ఈ రోజు నాగుల చవితి. మన కద్మా పేటలో టపాకాయల మోత తగ్గిందని పొద్దున్నే కాలూ గొలుసు విప్పి, పుట్టలో పాలు పోయడానికి ఖర్కాయి ఏటి ఒడ్డుకి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి వాకిలంతా పొగ, కాగితం ముక్కలు. చవితికీ బాంబులు కాల్చడం మన ఊరివాళ్ళ అలవాటేగా, అందుకని తమ్ముడు అటక మీద కొన్ని దాచాడట.

"కాలూ ఏదిరా?"

"ఎటో పారిపోనాది. దీపావలికి కాల్సనన్నాను, కాల్సనేదు. సవితి మాట నాన్న సెప్పనేదు కదేటక్కా!" అన్నాడు నవ్వుతూ.

వీధిలో అందరికీ చవితికి కూడా కాల్చొద్దని చెప్పేవాడివి నాన్నా. మనింటివాడే కదా అని వీడికి చెప్పలేదు.

"ఇధర్ హై బేటీ" అని ఆంటీ పిలిచింది. కాలూ వాళ్ళ మెట్ల కింద వణుకుతోంది. నేను ఎంత పిలిచినా కదల్లేదు. అప్పుడు తమ్ముడు అచ్చం నీలాగే ఈల వేశాడు. కాలూ తోక ఊపుకుంటూ బయటికి పరిగెత్తుకొచ్చింది. వాణ్ణి చూసింది. వాడి వెనక నీ కోసం కాసేపు వెతికింది. మళ్ళీ మెట్ల కిందికే పోయింది.