ఆమేన్ అనేశాం

సోమవారం, మే నెల, 1996

ఏడుగురు పిల్లలనూ ముందుగదిలో మోకాళ్ల మీద కూర్చోబెట్టేసరికి ఈ సాయంత్రం నా గొంతు పోయినంత పనైంది. సోమవారం సాయంత్రం ఇంటిల్లిపాదీ కలిసి కూర్చోవడం మా మార్మన్ క్రైస్తవ కుటుంబాల పద్ధతి. ఇవాళ ప్రార్థన వంతు మా ఆఖరి కూతురు రూతుది. ఐదేళ్ల పిల్ల. ఈ పరాయి రాష్ట్రంలో బడిలో, వీధిలో అంతా హిందీయే కాబట్టి తెలుగు మాటలకు తడుముకుంటుంది. నైట్ షిఫ్టులో నాన్న ఫ్యాక్టరీ ఫర్నేస్ వేడికి మాడిపోతాడని దాని బెంగ.

"పరలోకపు తండ్రీ, ఈ రాత్రి మా నాన్న చల్లబడిపోవాల" అంది.

అలవాటుగా అందరం ఒక్కసారే "ఆమేన్" అనేశాం. ఆ తర్వాతే మాట చెవికెక్కింది.

"ఏటన్నావే నువ్వు?" అని అరిచాను. మనిషి చల్లబడటమంటే ప్రాణం పోవడమని దానికేం తెలుసు? బిక్కమొహం వేసింది.

ఆయన దాన్ని ఎత్తుకుని నవ్వారు. "ఠండాగా ఉండాలనే కదమ్మా? దేవుడికి హిందీ రాదేటి? అర్థం చేసుకుంటాడులే."

మేం శకునాలు నమ్మకూడదు. నమ్మనని సంఘంలో గట్టిగా చెప్పాను కూడా. కానీ ఆయన సైకిలు మలుపు తిరిగాక చూస్తే మజ్జిగ సీసా గుమ్మం దగ్గరే ఉండిపోయింది. మా సంఘం నియమం ప్రకారం టీ ముట్టని మనిషికి తెల్లవార్లూ ఆ మజ్జిగే ఆధారం.

రూతు నా పక్కనే నిద్రపోతోంది. దాని ప్రార్థనను సరిదిద్దుతూ మూడుసార్లు మోకరించాను. అనేసిన ఆమేన్‌ను వెనక్కి తీసుకోవడం మాత్రం నాకెవరూ నేర్పలేదు. అందరికంటే గట్టిగా అన్నది నేనే.